రాతి తాపడం

కాంక్రీటు దిమ్మెల గోడకి సిమెంటుతో పోతపోసిన 'రాళ్ళు' అతికించడం చూడ్డానికి మామూలు పనే. మన ఊళ్ళలో దాన్ని క్లాడింగ్ అంటున్నారు. అలా ముస్తాబైన ఇంటి ముందుభాగాన్ని ఎలివేషన్ అంటున్నారు. ఇందులో ఒక తమాషా ఉంది. వెనకున్న దిమ్మెలో ఉన్నది సిమెంటూ, కంకరపొడీ. ముందున్న రాయిలో ఉన్నది కూడా సిమెంటే, కాకపోతే తేలికరకం కంకరతోనూ కాస్త రంగుతోనూ కలిపింది. ఈ రెండింటినీ పట్టుకుని ఉన్న మాలు మళ్ళీ సిమెంటూ ఇసుకా. అంటే ఒకే పదార్థం మూడు వేషాలేసుకుని నిలబడింది: గోడ, అతుకు, మొహం. దారిన పోయేవాళ్ళకి మాత్రం ఏ కొండవాగులోనో ఏరుకొచ్చిన రాళ్ళతో కట్టిన గోడలా కనిపిస్తుంది.

దీన్ని వెక్కిరించడం చాలా తేలిక. 'పైన పటారం లోన లొటారం' అనే సామెత మన దగ్గర ఎప్పుడూ సిద్ధంగా ఉంటుంది. సాహిత్యం చదివేవాళ్ళకైతే మరీ తేలిక. నకిలీ, కృత్రిమం, మధ్యతరగతి మోజు అని మూడు మాటలు అనేసి ముందుకెళ్ళిపోవచ్చు. కానీ తెలుగులోనే ఇంకో మాట ఉంది, తాపడం. గర్భగుడి తలుపులకి వెండి తాపడం చేయిస్తారు. తిరుమలలో ఆనంద నిలయం మీద ఉన్నది బంగారు తాపడం. ఆ బంగారం కింద రాగిరేకులున్నాయని, రాగి కింద ఉన్నది మామూలు కట్టడమేనని తెలిసినవాళ్ళు కూడా చేతులెత్తి దణ్ణం పెడతారు. అదంతా మోసమని ఎవరూ అనరు.

ఒక తాపడం భక్తి అయి, ఇంకో తాపడం బడాయి ఎలా అయింది? ఈ ప్రశ్న నన్ను చాన్నాళ్ళుగా తొలుస్తోంది. రాయి అసలుదా కాదా అని చూస్తే దీనికి జవాబు దొరకదని నా అనుమానం. రాయికీ గోడకీ మధ్య అరంగుళం సందు ఉంటుంది. వెతకాల్సింది అక్కడేమో. ఆ సందు చరిత్ర కాస్త చెప్పుకుందాం.

*

రాతిపలకని గోడకి అతికించే విద్య రెండువేల ఏళ్ళకి పైబడింది. క్రీ.పూ. నాలుగో శతాబ్దంలో ఇప్పటి టర్కీలోని బోద్రుమ్ దగ్గర, అప్పటి హలికర్నాసస్‌లో, మౌసోలస్ అనే పాలకుడు భవనం కట్టించుకున్నాడు. గోడలు ఇటుకవి. వాటిమీద ప్రొకొనెసస్ దీవి నుంచి తెచ్చిన పాలరాయి. రోమన్ వాస్తుశాస్త్రకారుడు విట్రూవియస్ దీని గురించి రాస్తూ మౌసోలస్‌ని తప్పుపట్టలేదు. అంత డబ్బున్నవాడు కూడా ఇటుకనే నమ్ముకున్నాడు, ఆ గోడలు ఇప్పటికీ చెక్కుచెదరలేదు అని మెచ్చుకున్నాడు. అతని చూపు పాలరాయి మీద కాదు, దాని వెనకున్న గోడ మీద.

రోమ్‌కి వచ్చేసరికి కథ మారింది. రోమ్‌లో మొట్టమొదట ఇంటి గోడలన్నిటికీ పాలరాయి పలకలు తొడిగించినవాడు మముర్రా అని, కొర్నేలియస్ నెపోస్ మాటగా ప్లినీ చెప్పాడు. ఈ మముర్రా గాల్ యుద్ధాల్లో జూలియస్ సీజర్ దగ్గర ఇంజనీర్ల విభాగానికి అధికారి. యుద్ధం నుంచి అంతులేని డబ్బుతో తిరిగొచ్చి, కేలియన్ కొండ మీద ఇల్లు కట్టుకున్నాడు. కవి కటల్లస్ తన కవితల్లో చీల్చి చెండాడింది ఇతణ్ణే. దీనిమీద ప్లినీ ఒక చురక వేశాడు. గాల్ దేశం సొమ్మంతా మముర్రా దగ్గరే ఉందన్న సంగతిని కటల్లస్ పద్యాలకంటే అతని ఇల్లే స్పష్టంగా చెబుతోందట.

ఈ చురక కాస్త నిదానంగా చూడాల్సింది. ప్లినీకి కోపం దేనిమీద? పాలరాయి అసలుదే. అందులో నకిలీ ఏమీ లేదు. కోపం ఆ సొమ్ము ఎక్కణ్ణించి వచ్చిందన్న దానిమీద, ఆ మనిషి ఎవరన్న దానిమీద. ఫోర్మియే అనే ఊళ్ళో పుట్టిన ఒకడు కొత్తగా డబ్బుచేసి, గోడలనిండా పాలరాయి పరవడం మీద. అంటే తాపడం మీద మనకి చిక్కిన మొట్టమొదటి నిందల్లో ఒకటి రాతి గురించి కాదు, మనిషి గురించి. ఇప్పుడు ఏ కొత్త విల్లా ముందు నిలబడి ఎవరు మూతి విరిచినా, అందులో ప్లినీ గొంతు కొంచెం వినబడుతుంది నాకు.

పనితనం సంగతికొస్తే, రోమన్లు పలకని గోడకి ఊరికే అంటించేవాళ్ళు కాదు. గోడకీ పలకకీ మధ్య సున్నపు మాలు మందంగా నింపేవాళ్ళు. కుండపెంకులు, రాతిముక్కలు అందులో కుక్కేవాళ్ళు. పలక అంచుల్లో లోహపు కొక్కేలు పెట్టి వాటి రెండో కొసని గోడలోకి దించేవాళ్ళు. మాలు పట్టు వదిలినా కొక్కెం పట్టుకోవాలి, కొక్కెం తుప్పుపట్టినా మాలు పట్టుకోవాలి. సామ్రాజ్యం పోయాక జనం వచ్చి లోహం పీక్కుపోయారు. పలకల్ని సున్నపు బట్టీల్లో వేసి కాల్చుకున్నారు. ఒకరి ఇంటి మొహం ఇంకొకరి ఇంటి మాలు అయిపోయింది.

*

ఇదే కథ మన కృష్ణ ఒడ్డున కూడా జరిగింది. అమరావతి మహాచైత్యం లోపల మట్టి, ఇటుక. బయట సున్నపురాతి పలకలు. ఆ రాయిని 'పల్నాడు మార్బుల్' అని పిలవడం అలవాటైపోయింది గానీ, భూగర్భశాస్త్రం లెక్కలో అది పాలరాయి కాదు. దాని పేరుకి కూడా తాపడమే అన్నమాట. కొన్ని శతాబ్దాలపాటు, రాజులూ వర్తకులూ భిక్షుణులూ మామూలు గృహస్థులూ ఇచ్చిన దానాలతో, ఒక్కో పలకా చెక్కించి ఆ ఇటుకదిబ్బకి తొడిగారు. కొన్ని పలకలమీద స్తూపం బొమ్మే చెక్కి ఉంటుంది. స్తూపం ఎలా ఉండేదో ఇవాళ మనం ఊహించుకోగలుగుతున్నామంటే ఆ బొమ్మల వల్లే. ఒంటిమీది బట్ట మీద ఆ మనిషి బొమ్మే అచ్చేసినట్టు.

బ్రిటిష్ మ్యూజియంలో ఉన్న ఒక అమరావతి పలకకి రెండువైపులా శిల్పం ఉంది. పాతవైపు, దాదాపు క్రీ.పూ. ఒకటో శతాబ్దం నాటిది, బుద్ధుడి రూపం లేకుండా బోధివృక్షాన్నీ ఖాళీ ఆసనాన్నీ పూజిస్తున్న జనం ఉంటారు. తర్వాత మూడువందల ఏళ్ళు పైబడ్డాక పలకని తిప్పి, వెనకవైపు స్తూపాన్నీ నిలబడ్డ బుద్ధుణ్ణీ చెక్కారు. మారిన కాలానికి మారిన మొహం. పాతమొహాన్ని ఎవరూ చెరిపెయ్యలేదు. అది లోపలివైపుకి తిరిగిపోయిందంతే.

1797లో కల్నల్ కాలిన్ మెకంజీ మొదటిసారి అక్కడికి వచ్చేటప్పటికి పరిస్థితి వేరు. జమీందారు వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు అమరావతిని తన ముఖ్యపట్టణం చేసుకుని కొత్త ఊరు కట్టిస్తున్నాడు. దిబ్బ తవ్వితే ఇటుకలు దొరికాయి, పలకలు దొరికాయి. కట్టుబడికి పనికొచ్చినవి కట్టుబడికి వెళ్ళాయి. సున్నపురాయి కనక కాల్చితే సున్నం అవుతుంది, చాలా పలకలు అలా కూడా పోయాయి. మెకంజీ 1816లో మళ్ళీ వచ్చి, మిగిలినవాటిని బొమ్మలు గీయించాడు. 1845లో వాల్టర్ ఇలియట్ తవ్వించి పలకల్ని మద్రాసుకి పంపాడు. వాటిలో చాలావాటిని 1859లో ఓడల్లో లండన్‌కి తరలించారు. ఇప్పుడు కొన్ని బ్రిటిష్ మ్యూజియంలో, కొన్ని చెన్నై ఎగ్మోర్ మ్యూజియంలో ఉన్నాయి. అమరావతిలో మిగిలింది ఒక తక్కువెత్తు దిబ్బ, ఇటుకలు.

'పైన పటారం లోన లొటారం' సామెతకి ఇక్కడ చిక్కొచ్చి పడుతుంది. లోపలిదే అసలు, బయటిది వేషం అనుకుంటే, అసలు అమరావతి అమరావతిలోనే ఉండాలి కదా. కానీ అమరావతిని చూడాలనుకున్నవాళ్ళు మద్రాసుకీ లండన్‌కీ వెళుతున్నారు. ఆ స్తూపానికి సంబంధించి మనకి తెలిసిన కథలు, దాతల పేర్లు, అప్పటి నగలు, జడలు, బళ్ళు, ఇళ్ళ కప్పులు, అన్నీ ఆ తొడుగు చెప్పినవే. ఆ తొడుగులోనే చరిత్ర ఉంది. లోపలి ఇటుక దాన్ని మోసింది. మోయడం తక్కువ పనేం కాదు, కానీ అది నోరున్న పని కాదు.

*

తాపడం నీతా అవినీతా అని కూర్చుని వాదించింది మాత్రం పంతొమ్మిదో శతాబ్దపు యూరప్. యంత్రాలొచ్చి దేన్ని దేనిలాగా కావాలంటే అలా చెయ్యగలిగినప్పుడు ఈ బెంగ పుట్టడం సహజమే. జాన్ రస్కిన్ 1849లో రాసిన పుస్తకంలో, ఒక పదార్థాన్ని ఇంకో పదార్థంలా కనిపించేలా రంగువెయ్యడం మోసమేనని తేల్చాడు. చిత్రమేమిటంటే, అదే రస్కిన్ తర్వాత వెనిస్ వెళ్ళి సెయింట్ మార్క్ చర్చి ముందు నిలబడి పరవశించిపోయాడు. అది ఇటుక గోడలకి పాలరాయి తొడిగిన కట్టడం. మరి మోసం కాదా? కాదన్నాడు. పలకల్ని పట్టుకున్న మేకులు బాహాటంగా కనిపిస్తున్నాయి, అతుకులు దాచుకోలేదు. కవచం తొడుక్కున్న సైనికుణ్ణి చూసి ఇతని ఒళ్ళంతా ఉక్కే అని ఎవరైనా అనుకుంటే తప్పు కవచానిది కాదు అని అతని వాదన.

జర్మన్ వాస్తుశిల్పి గాట్‌ఫ్రీడ్ సెంపర్ ఇంకా వెనక్కి వెళ్ళాడు. అసలు గోడ అన్న ఊహే అల్లికలోంచి పుట్టిందన్నాడు. మొదట మనుషులు కట్టింది రాతిగోడ కాదు, అల్లిన చాప, వేలాడదీసిన గుడ్డ. రాయీ ఇటుకా తర్వాత వచ్చి ఆ చాపని మోశాయి. జర్మన్‌లో గోడకీ బట్టకీ వాడే మాటలు దగ్గరి చుట్టాలని చూపించాడు. తడికలతో కట్టిన పాకని చూసినవాళ్ళకి సెంపర్ వాదం అర్థం చేసుకోవడం కష్టం కాదు. గుంజలు మోస్తాయి, తడిక మూస్తుంది. ఇల్లు అనిపించేది తడికే.

ఆ తర్వాత 1898లో వియన్నాలో అడాల్ఫ్ లోస్ దీన్ని ఒక చిన్న సూత్రంగా కుదించాడు. తొడుగు ఉండొచ్చు, కానీ తొడుగుని చూసి లోపలి పదార్థమనుకునే అవకాశం ఉండకూడదు. చెక్కకి ఏ రంగైనా వేసుకోండి, చెక్కరంగు మాత్రం వెయ్యొద్దు.

ఈ ముగ్గురి ముందూ మన సిమెంటు రాయిని నిలబెడితే? సెంపర్ వదిలేస్తాడు. లోస్ కచ్చితంగా శిక్ష వేస్తాడు. రస్కిన్ 'మేకులు చూపించు' అంటాడు. దీనికి మేకులు లేవు. ఉన్నదల్లా వెనక కనపడని మాలు.

*

ఇక ఈ రాయి పుట్టిన చోటికి వద్దాం. నిజానికి ముందు చెప్పుకోవాల్సింది దాని వెనకుండే దిమ్మె పుట్టుక గురించి. హార్మన్ పామర్ అనే అమెరికన్ 1900లో బోలు కాంక్రీటు దిమ్మెలు పోసే యంత్రానికి పేటెంటు తీసుకున్నాడు. కొన్నేళ్ళలోనే సియర్స్ రోబక్ కంపెనీ కేటలాగుల ద్వారా అలాంటి యంత్రాలు అమ్మింది. రైతు తన పెరట్లోనే ఇసుకా సిమెంటూ కలిపి తన ఇంటికి కావలసిన దిమ్మెలు తనే పోసుకోవచ్చు. ఆ యంత్రంతోపాటు అచ్చుపలకలు వచ్చేవి. దిమ్మె ముందుమొహం ఎలా ఉండాలో ఆ పలక నిర్ణయిస్తుంది. జనం ఎగబడి కొన్నది ఏ అచ్చు అనుకుంటున్నారు? సుత్తితో కొట్టి చెక్కిన మోటురాయిలా కనిపించే అచ్చు.

అంటే కాంక్రీటు దిమ్మె పుట్టుకతోనే రాయి వేషంలో పుట్టింది. ముతకగా, బూడిదరంగుగా, నిజాయితీగా మొదలై తర్వాత వేషం నేర్చుకున్నది కాదు. వచ్చిన చిక్కు ఒక్కటే. అచ్చు ఒక్కటే కనక గోడలో ప్రతి రాయీ ఒకే చోట ఉబ్బి ఒకే చోట గుంట పడి ఉంటుంది. ప్రకృతి అలా చెయ్యదని కన్ను ఇట్టే పట్టేస్తుంది. క్రమంగా ఆ మోజు తగ్గింది. దిమ్మెలు నున్నటి మొహాలతో, ఒకే కొలతల్లోకి వచ్చి, నేలమాళిగలకీ గ్యారేజీలకీ, ఎవరూ చూడని వెనకగోడలకీ పరిమితమయ్యాయి.

ఈలోగా మొహం వేరే దారి చూసుకుంది. బాల్టిమోర్‌లో ఆల్బర్ట్ నైట్ అనే ఆయన 1937లో ఫార్మ్‌స్టోన్ అనే తొడుగుకి పేటెంటు పొందాడు. ఇటుక గోడకి ఇనప జాలీ మేకులతో కొట్టి, దానిమీద సిమెంటు పొరలు పొరలుగా వేసి, పై పొర ఆరకముందే రంగులద్ది, రాళ్ళ మధ్య గీతల్లా గీతలు గీసేవాళ్ళు. ఆ ఊళ్ళో వరసగా అతుక్కుని ఉండే ఇళ్ళు చాలావాటి ఇటుక మెత్తన. నీళ్ళు పీల్చుకోకుండా ఏటేటా రంగులు వేయించాల్సి వచ్చేది. ఫార్మ్‌స్టోన్ అమ్మేవాళ్ళు గుమ్మం గుమ్మానికీ వెళ్ళి, ఇక మీకు జన్మలో రంగుల ఖర్చుండదన్నారు. ఫ్యాక్టరీల్లో, ఓడరేవులో పనిచేసే కుటుంబాలు కూడబెట్టుకున్న డబ్బుతో తమ ఇంటికి రాతిమొహం పెట్టించుకున్నాయి. గుమ్మం ముందు మెట్లు మాత్రం చాలా ఇళ్ళకి అసలు తెల్ల పాలరాయివి. ఆడవాళ్ళు వాటిని మోకాళ్ళమీద కూర్చుని తోమి తోమి మెరిపించేవాళ్ళు. అసలు రాతిమెట్లెక్కి సిమెంటు రాతి ఇంట్లోకి వెళ్ళడంలో వాళ్ళకి ఏ వైరుధ్యమూ కనపడలేదు. రెండూ ఇంటి పరువుకి సంబంధించినవే.

ఆ ఊరి సినిమా దర్శకుడు జాన్ వాటర్స్ దాన్ని ఇటుకకి కట్టిన పాలియెస్టర్ అని ఎగతాళి చేశాడు. అందులో కొంత ప్రేమ కూడా ఉంది. తర్వాతి తరంలో, ఆ పేటల్లో ఇళ్ళు కొనుక్కున్న ఉద్యోగస్థులు ఫార్మ్‌స్టోన్ ఒలిపించి పాత ఇటుకని బయటపెట్టడం మొదలుపెట్టారు. కింద ఇటుకనిండా మేకుల చిల్లులు. 'అసలు' ఇటుక కోసం డబ్బు ఖర్చుపెట్టినవాళ్ళకీ, ఏటేటా ఆ ఇటుకకి రంగులు వేయించలేక తొడుగు తొడిగించినవాళ్ళకీ మధ్య ఒక తరగతి తేడా ఉంది. అసలుతనాన్ని ప్రేమించడానికి కూడా కొంచెం వెసులుబాటు ఉండాలి.

ఇప్పుడు మనం చూస్తున్న రకం రాయి 1962లో కాలిఫోర్నియాలోని నాపాలో కల్చర్డ్ స్టోన్ పేరుతో మొదలైంది. నిజమైన రాళ్ళని ఏరి తెచ్చి, వాటిమీద సాగే రబ్బరు అచ్చులు తీసి, ఆ అచ్చుల్లో తేలిక కాంక్రీటు పోస్తారు. ఐరన్ ఆక్సైడ్ రంగులు వాడతారు. అచ్చులు ఒకటి రెండు కాదు కాబట్టి, పాతకాలం దిమ్మెల్లాగా ప్రతి మొహమూ ఒకేలా ఉండదు. దిమ్మె మీదనుంచి ఊడిపోయిన రాతిమొహం ఇలా విడిగా పుట్టి, మళ్ళీ వచ్చి అదే దిమ్మె మీద కూర్చుంది.

*

కూర్చోబెట్టడం ఎలాగన్నదే అసలు విషయం. అమెరికాలో ఇళ్ళు ఎక్కువగా చెక్క చట్రాలవి. చెక్కమీద ఈ రాయి పెట్టాలంటే నీళ్ళు చొరబడని పొరలు రెండు వెయ్యాలి, జాలీ కొట్టాలి, ముందొక సిమెంటు పూత వేసి గీతలు పెట్టాలి, అప్పుడు రాయి. కాంక్రీటు దిమ్మెల గోడకి ఈ హడావిడి అక్కర్లేదు. దిమ్మె గరుకుగా, సన్నటి రంధ్రాలతో ఉంటుంది. మాలు ఆ రంధ్రాల్లోకి దిగి పట్టుకుంటుంది. షరతు ఒకటే. గోడకి రంగు గానీ, నీరు పీల్చని పూత గానీ, నూనె గానీ, దుమ్ము గానీ ఉండకూడదు. పరీక్ష తేలిక. గోడమీద నీళ్ళు చల్లి చూడాలి. పీల్చుకుంటే మంచి గోడ. నీళ్ళు ముత్యాల్లా నిలబడి జారిపోతే ఆ గోడ దేన్నీ పట్టుకోదు. దాన్ని గీకాలి, లేకపోతే జాలీ కొట్టాలి.

ఆ తర్వాత గోడనీ, రాయి వెనకభాగాన్నీ తడపాలి, కానీ నీళ్ళు కారుతూ ఉండకూడదు. మూలల దగ్గర మొదలుపెట్టాలి. రాయి వెనక మొత్తం, ఎక్కడా ఖాళీ లేకుండా, అరంగుళం మందాన మాలు పట్టించి, గోడకి ఆనించి కాస్త అటూఇటూ కదుపుతూ నొక్కాలి. నాలుగువైపులా మాలు పొంగి బయటికి రావాలి. ఒకసారి పట్టు పడ్డాక వంకరగా ఉందని కదిపితే అంతే, ఆ పట్టు మళ్ళీ రాదు. తీసి, గీకేసి, కొత్త మాలుతో మొదలుపెట్టాలి. మట్టినేలకి నాలుగంగుళాలు, గచ్చుకి రెండంగుళాలు పైన ఆపేయాలి, లేకపోతే నేల తడి పైకి పాకుతుంది. గోడ తలమీద నీళ్ళు లోపలికి దిగకుండా కాస్త ముందుకి పొడుచుకొచ్చే మూతరాయి ఉండాలి.

హైదరాబాద్ శివార్లలో ఒక ప్రహరీకి ఈ పని జరుగుతుంటే, చేస్తున్న మేస్త్రీని ఇంత బరువు ఎలా ఆగుతుందని అడిగాను. ఆయన తాపీ పిడితో ముందురోజు పెట్టిన రాళ్ళని ఒక్కొక్కటిగా తట్టుకుంటూ వెళుతున్నాడు. "బరువుకు పడదు సార్. లోపల బోలుంటే పడ్తది," అన్నాడు.

ఆయన చెప్పింది లెక్కలతో సరిపోతుంది. అమెరికా నిర్మాణ నియమాల ప్రకారం ఇలా మాలుతో అతికించే తొడుగు బరువు చదరపుటడుగుకి 15 పౌండ్లు, అంటే దాదాపు ఏడు కిలోలు, మించకూడదు. అతుకు చదరపుటంగుళానికి కనీసం 50 పౌండ్ల కోతబలాన్ని ఓర్చుకోవాలి. చదరపుటడుగుకి 144 చదరపుటంగుళాలు. వెనక మొత్తం మాలు పడితే ఆ అతుకు 7,200 పౌండ్లకి నిలబడాలి. అంటే మూడు టన్నులకి పైమాటే. మోసేదేమో ఏడు కిలోలు. మరి రాళ్ళెందుకు ఊడిపడతాయి? వెనక మొత్తం పట్టించకుండా నాలుగు మూలలా నాలుగు ముద్దలు, మధ్యలో ఒకటి పెట్టి అంటిస్తే, ఆ ముద్దల మధ్య ఖాళీల్లో వాననీరు చేరుతుంది. ఎండకి ఆ గోడ వ్యాకోచిస్తుంది, రాత్రికి సంకోచిస్తుంది. ఉప్పు తెల్లగా బయటికి పూస్తుంది. కొన్నేళ్ళకి ఒక మధ్యాహ్నం ఎవరూ ముట్టుకోకుండానే రాయి కింద పడుతుంది. కింద ఎవరైనా ఉంటే అది చర్చనీయాంశం కాదు, ప్రమాదం.

రస్కిన్ చూపించమన్న మేకు ఇక్కడ కంటికి కనపడదు. చెవికి వినపడుతుంది. నిండుగా పట్టిన రాయి తడితే గట్టిగా పలుకుతుంది. బోలుగా ఉన్నది డొల్లగా మోగుతుంది. తాపడంలో మోసం ఎక్కడుందో చెప్పమంటే నేను ఆ డొల్ల శబ్దాన్నే చూపిస్తాను. సిమెంటు రాయి వేషం వేసుకోవడంలో అంత పాపం నాకు కనపడదు. రాతినీ గోడనీ కలపకుండానే కలిపినట్టు చూపించి, ఆ ఖాళీని ఇంకొకరి నెత్తిమీద వదిలెయ్యడంలో కనపడుతుంది.

*

అయినా హైదరాబాద్‌లో ఈ రాళ్ళని చూసినప్పుడు ఏదో గుచ్చుకుంటుంది. అది సౌందర్యానికి సంబంధించిన బాధ కాదు. ఈ ఊరు కూర్చున్న గ్రానైటు దాదాపు 250 కోట్ల ఏళ్ళనాటిది. ఒకదాని మీద ఒకటి పేర్చినట్టుండే ఆ గుండ్లని కాపాడమని 1996 నుంచి ఒక సంఘం పనిచేస్తూనే ఉంది. మరోపక్క ప్లాట్ల కోసం, రోడ్ల కోసం వాటిని పేలుస్తూనే ఉన్నారు. పేల్చిన రాయి ఎక్కడికి పోతుంది? క్రషర్‌కి పోతుంది. అక్కడ కంకర అవుతుంది, పొడి అవుతుంది, రోబో శాండ్ అవుతుంది. ఆ పొడి పీల్చినవాళ్ళ ఊపిరితిత్తులు గట్టిపడతాయి. దానికి సిలికోసిస్ అని పేరుంది, మందు లేదు. సిమెంటు రాయిని కోసేటప్పుడు లేచేదీ అదే దుమ్ము. అసలు రాయి వాడితే ఆ పాపం ఉండదనుకోవడానికి లేదు, నకిలీ రాయి వాడితే తప్పిందనుకోవడానికీ లేదు.

ఆ కంకరా, ఆ రోబో శాండూ కలిసి దిమ్మెలవుతాయి. దిమ్మెలు గోడవుతాయి. ఆ గోడమీద, ఎక్కడో కాలిఫోర్నియా వాగులో ఏరిన రాయికి అచ్చుతీసి పోసిన రాయి అతికిస్తాం.

ఈ లెక్కన మన గోడలో లొటారం లోపల లేదు. లోపలున్నదే ఈ ఊరి రాయి. కాకపోతే నలిగి, పొడై, గుర్తుపట్టలేని రూపంలో ఉంది. అమరావతిలో పాతశిల్పాన్ని లోపలికి తిప్పినవాళ్ళు దాన్ని చెక్కుచెదరకుండా తిప్పారు. రెండువేల ఏళ్ళ తర్వాత కూడా దాన్ని చదవగలిగాం. మన గోడని రేపెవరైనా ఒలిచి చూస్తే వాళ్ళకి పొడి దొరుకుతుంది. అది ఏ గుట్టదో, ఆ గుట్టని ఏ పేరుతో పిలిచేవాళ్ళో ఆ పొడి చెప్పలేదు.